చిప్పు చల్లగానే ఉంది, మరి కార్డు ఎలా కాలింది?



ఈ ఎపిసోడ్ మీలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తుంటారు కదా. ఒక్క క్షణం ఆ ఫోన్ వెనకవైపు, కెమెరా పక్కన వేలు పెట్టి చూడండి. కొంచెం వెచ్చగా ఉంటుంది. మే నెలలో అరగంట గేమ్ ఆడితే చెయ్యి చురుక్కుమంటుంది. లోపల గోరంత చిప్పులో పుట్టిన వేడి అది. ఫోన్‌కి ఫ్యాన్ లేదు కాబట్టి ఆ వేడిలో కొంత మీ అరచేతిలోకి వస్తుంది. అంటే మీ చెయ్యే దానికి హీట్‌సింక్ అన్నమాట.

ఇవాళ చెప్పబోయేది కంప్యూటర్ కార్డుల కథ. గ్రాఫిక్స్ కార్డు లాంటివి, మదర్‌బోర్డు మీద స్లాట్‌లో గుచ్చుతాం కదా, అవి. వాటిని చల్లగా ఉంచడానికి మనుషులు ఇంట్లో కూర్చుని రాగి కోశారు, అల్యూమినియం అరగదీశారు, చేపల తొట్టి పంపులు తగిలించారు. దీనికి పాతికేళ్లకు పైగా చరిత్ర ఉంది. ఆ చరిత్ర నాకెందుకు పట్టిందంటే, అందులో నేనూ ఒక వెధవపని చేశాను. ముందు అదే చెప్తాను.

2014 వేసవి. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడు. ఒక చిన్న గది, పైన రేకుల కప్పు. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న గ్రాఫిక్స్ కార్డు. వైశాఖంలో ముహూర్తాలు వరసగా పడ్డాయి, ఏడు పెళ్లిళ్ల పని చేతిలో ఉంది. రెండర్ పెడితే చాలు, కార్డు 90 డిగ్రీలు దాటేది. ఫ్యాన్ గోలకి పక్కవాళ్ల మాట వినపడేది కాదు. ఒక్కోసారి మధ్యలో సిస్టమ్ ఆగిపోయేది, పొద్దున్నే లేచి మళ్లీ మొదట్నుంచి.

"నేను చూస్తాలే అన్నయ్యా" అన్నాను.

కార్డుకి కంపెనీ బిగించిన హీట్‌సింక్, ఫ్యాన్ మొత్తం ఊడదీశాను. ప్రాసెసర్ కోసం అమ్మే వాటర్ కూలర్ ఒకటి తెచ్చి, దాని బ్లాకుని చిప్పు మీద పెట్టాను. ఆనలేదు. చిప్పు చుట్టూ ఉన్న ఇనప చట్రం వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. రాణిగంజ్ వెళ్లి చిన్న రాగి రేకు ముక్క కోయించుకుని, గాజుపలక మీద ఎమెరీ పేపర్ పరిచి, ముఖం కనిపించేదాకా రుద్ది, మధ్యలో పెట్టాను. నాలుగు జిప్ టైలతో బిగించాను. ఆన్ చేస్తే 92 డిగ్రీల కార్డు 58 దగ్గర ఆగింది. ఆ రాత్రి నా అంతటివాడు లేడు.

మూడో రాత్రి రెండర్ నడుస్తుండగా ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. స్క్రీన్ నల్లబడింది. కార్డు పోయింది. ఆఖరిసారి చూసిన నంబర్ 57.

అన్నయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "చిప్పు చల్లగానే ఉంది కదరా, మరి కార్డు ఎలా కాలింది?" అన్నాడు. ఆ తర్వాత రెండు రాత్రులు స్నేహితుడి స్టూడియోలో కూర్చుని ఆ పెళ్లిళ్లు పూర్తిచేశాడు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతేనే నాకు ఈ చరిత్ర అంతా దొరికింది.

మొదటి మాట ఒకటి గుర్తుపెట్టుకోండి. వేడి మాయమవదు. చోటు మారుతుంది, అంతే. ఇవాళ్టి కథంతా వేడిని ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి తోశారు, తోసేటప్పుడు దేన్ని మర్చిపోయారు అనేదే.

1981కి వెళ్దాం. ఆ ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. అందులో కార్డులు గుచ్చుకోవడానికి ఐదు స్లాట్‌లు ఉన్నాయి. ఆ కంప్యూటర్ మొత్తానికి ఉన్న పవర్ సప్లై ఎంతో తెలుసా? 63.5 వాట్లు. మదర్‌బోర్డు, ఫ్లాపీ డ్రైవ్‌లు, కార్డులు అన్నీ అందులోనే బతకాలి. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ అంత. కాబట్టి కార్డుల మీద చిప్పులు బోసిగా ఉండేవి. పవర్ సప్లైలో ఉన్న ఒక్క ఫ్యాన్ లాగే గాలి సరిపోయేది.

కానీ అదే ఐబీఎంలో పెద్ద కంప్యూటర్ల వాళ్లు అప్పటికే వేడితో కుస్తీ పడుతున్నారు. 1980లో వాళ్లు 3081 అనే మెయిన్‌ఫ్రేమ్ ప్రకటించారు. అందులో ఒక్కో పలక మీద వందకు పైగా చిప్పులు. వాటిని ఎలా చల్లబరిచారో చూడండి. ఒక్కో చిప్పు మీద ఒక చిన్న అల్యూమినియం పిస్టన్, దాని వెనక స్ప్రింగ్. స్ప్రింగ్ తోస్తుంది, పిస్టన్ చిప్పుకి ఆనుతుంది. సందుల్లో హీలియం వాయువు నింపారు, అది మామూలు గాలికంటే బాగా వేడిని మోస్తుంది. పైన నీళ్లు పారే చల్లటి పలక. చిప్పులు కొంచెం ఎత్తుపల్లాలుగా ఉన్నా స్ప్రింగ్ సర్దుకుంటుంది. వంద చిప్పులుంటే వంద పిస్టన్‌లు. ఒక్కదాన్ని కూడా గాలికి వదిలెయ్యలేదు. నేను 2014లో మర్చిపోయిన పాఠం ఇదే, కానీ తొందరపడకుండా వరసలో వెళ్దాం.

1981లోనే ఇంకో సంగతి జరిగింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డేవిడ్ టకర్‌మన్, ఫేబియన్ పీస్ అనే ఇద్దరు ఒక చిన్న పేపర్ రాశారు. సిలికాన్ ముక్క వెనకవైపే సన్నటి కాలవలు చెక్కారు. వెడల్పు 50 మైక్రాన్‌లు, అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం. వాటిల్లో నీళ్లు పారించారు. ఒక్క చదరపు సెంటీమీటర్ నుంచి 790 వాట్ల వేడి లాగేశారు. ఇస్త్రీపెట్టె వేడి మొత్తం మీ బొటనవేలి గోరంత చోట నుంచి తీశారన్నమాట.

కాలవ సన్నగా ఉంటే ఏంటి లాభం? మా తాత టీ తాగే పద్ధతి చెప్తే అర్థమవుతుంది. గ్లాసులో టీ ఎంతసేపటికీ చల్లారదు. సాసర్‌లో పోస్తే చిటికెలో చల్లారుతుంది. టీ అదే, గాలి తగిలే వైశాల్యం పెరిగింది. హీట్‌సింక్‌కి రెక్కలుండేదీ అందుకే, వాటర్ బ్లాకులో సన్నటి కాలవలుండేదీ అందుకే. ఇవాళ మార్కెట్‌లో దొరికే వాటర్ బ్లాకు విప్పి చూస్తే రాగి మీద దువ్వెన పళ్లలాగా గీతలు కనిపిస్తాయి. వాటి వెనక ఉన్నది ఆ 1981 ఆలోచనే.

కానీ ఈ విద్య యూనివర్సిటీల్లో, పెద్ద కంపెనీల్లో ఉండిపోయింది. ఇళ్లలోకి ఎలా వచ్చింది? ఆటల వల్ల వచ్చింది.

1996లో త్రీడీఎఫ్ఎక్స్ అనే కంపెనీ వూడూ గ్రాఫిక్స్ చిప్పు తెచ్చింది. 1998లో వూడూ టూ. ఆ కార్డు మీద మూడు ముఖ్యమైన చిప్పులు ఉండేవి, వేలు పెడితే కాలేంత వేడి. పైన మాత్రం ఏమీ లేదు, బోసిగా ఉండేవి. అప్పుడు కుర్రాళ్లు ఏం చేశారంటే, పాత 486 కంప్యూటర్ల ప్రాసెసర్ మీద ఉండే చిన్న హీట్‌సింక్‌లు పీకి, వేడిని మోసే జిగురుతో ఈ చిప్పులకి అతికించారు. హీట్‌సింక్ పెద్దదైతే పక్కనున్న కెపాసిటర్లకి తగులుతుంది. హ్యాక్‌సా బ్లేడుతో మూల కోసేయడం, ఆకురాయితో నున్నగా రాయడం. కార్డుని కొంచెం ఎక్కువ స్పీడులో నడిపించుకోవడానికే ఈ తంటా అంతా. మరుసటి ఏడాది వూడూ త్రీ వచ్చేసరికి కంపెనీయే హీట్‌సింక్ అతికించి పంపింది.

ఈ వరస గుర్తుపెట్టుకోండి. ముందు ఇంట్లో ఎవరో కోసి అతికిస్తారు, తర్వాత ఫ్యాక్టరీ అదే పని చేస్తుంది. ఈ కథలో ఇది మళ్లీ మళ్లీ వస్తుంది.

2000 ప్రాంతానికి గాలి చాలట్లేదు. అక్కడ నీళ్లు వచ్చాయి. నీళ్లే ఎందుకంటే, ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి తీసుకునే వేడి, ఒక లీటరు గాలి తీసుకునేదానికంటే దాదాపు 3,500 రెట్లు ఎక్కువ. కానీ అప్పట్లో కొందామంటే పెద్దగా దొరికేవి కావు. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో కుర్రాళ్లు అన్నీ వేరేచోట్ల నుంచి తెచ్చుకున్నారు. పంపు చేపల తొట్టిది. జర్మనీ కంపెనీ ఐహైమ్ పంపులంటే బాగా పేరు. రేడియేటర్ కారుది, అదీ ఇంజిన్ ముందుండే పెద్దది కాదు, చలికాలంలో కారు లోపల వెచ్చగా ఉండటానికి డాష్‌బోర్డ్ వెనక ఒక చిన్నది ఉంటుంది. 1977 నాటి పాంటియాక్ బోనవిల్ కారుది ఈ పనికి బాగుంటుందని తెలిసి పాత సామాన్ల షాపుల్లో దానికోసం వెతికేవాళ్లు. చూడండి, మనిషికి వెచ్చదనం కోసం చేసిన వస్తువు కంప్యూటర్‌ని చల్లబరిచింది.

మిగిలింది వాటర్ బ్లాకు. అది చేత్తో చేసుకోవడమే. ఒక మందపాటి రాగి దిమ్మ. డ్రిల్లుతో అడ్డంగా, నిలువుగా రంధ్రాలు. అక్కర్లేని చివరలకి బిరడాలు. నీళ్లు వచ్చేచోట, పోయేచోట ఇత్తడి నిపిల్స్, వాటికి సోల్డరింగ్. ప్రాసెసర్ బ్లాకు అయితే కొంచెం సుళువు. కార్డు బ్లాకే కష్టం. కార్డు అడ్డంగా పడుకుని ఉంటుంది, చిప్పు కిందివైపు చూస్తుంది. బ్లాకు బరువంతా కిందికి వేలాడుతుంది. పక్క స్లాట్‌కి అడ్డం రాకూడదు, కాబట్టి పల్చగా ఉండాలి. పైపు కార్డు చివర నుంచి మలుపు తిరగాలి. ప్రతి కంపెనీ కార్డుకి బోల్టు రంధ్రాల దూరం వేరు. అందుకే ప్రాసెసర్ బ్లాకు తెచ్చి, దాని చెవులు కోసి, కొత్త రేకు బిగించి కార్డుకి సరిపెట్టడం అనే విద్య మొదలైంది.

దెబ్బలూ తిన్నారు. రాగి బ్లాకు, అల్యూమినియం రేడియేటర్ ఒకే నీళ్లలో పెడితే నీళ్లు బ్యాటరీలాగా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. కుళాయి నీళ్లు పోస్తే సన్నటి కాలవల్లో ఉప్పు గారకట్టేస్తుంది, మన గీజర్లో కట్టినట్టే. అందుకే డిస్టిల్డ్ వాటర్, అందుకే ఒకే లోహం. కొత్తగా కట్టిన లూపుని కార్డుకి కరెంటు ఇవ్వకుండా, కింద కాగితం పరిచి, పంపు ఒక్కదాన్నే ఒక రోజంతా నడపాలి. కాగితం తడిస్తే ఎక్కడో కారుతున్నట్టు. ఈ నియమాలన్నీ ఎవరో ఒకరి కార్డు పోయాక పుట్టినవే.

ఇక ఫ్యాక్టరీల వైపు చూద్దాం. 2003లో ఎన్విడియా జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా తెచ్చింది. రెండు స్లాట్‌ల చోటు తినే పెద్ద కూలర్, చిన్న ఫ్యాన్, దాని మోత భరించలేనిది. జనం దాన్ని దుమ్ము లాగే మిషన్‌తో పోల్చి ఎగతాళి చేశారు. ఆఖరికి ఎన్విడియా వాళ్లే తమ కార్డు మీద తామే జోకులేసుకుంటూ ఒక వీడియో తీశారు. జనం నవ్వుకున్నారు గానీ ఒకటి గమనించండి. ఆ కూలర్ వేడి గాలిని క్యాబినెట్ వెనకనుంచి బయటికి ఊదేది. అప్పటిదాకా కార్డు వేడి క్యాబినెట్ లోపలే తిరిగేది, కార్డుని చల్లబరిస్తే పక్కనున్న హార్డ్ డిస్క్ వేడెక్కేది. వేడిని పెట్టె దాటించాలన్న ఆలోచన మంచిదే, చేసిన తీరే కుదరలేదు. తర్వాత చాలా కార్డులు అదే దారిలో, తక్కువ చప్పుడుతో వచ్చాయి.

ఇప్పుడు మా అన్నయ్య కార్డు దగ్గరికి వద్దాం.

2013 అక్టోబరులో ఏఎండీ ఆర్9 290ఎక్స్ కార్డు తెచ్చింది. అది 95 డిగ్రీల దగ్గర నడిచేలా కంపెనీయే తయారుచేసింది. అది చూసి చాలామంది ప్రాసెసర్‌కి వాడే రెడీమేడ్ వాటర్ కూలర్లు తెచ్చి కార్డులకి జిప్ టైలతో కట్టడం మొదలుపెట్టారు. అదే ఏడాది చివర్లో ఎన్‌జడ్‌ఎక్స్‌టీ అనే కంపెనీ క్రాకెన్ జీ10 అని ఒక బ్రాకెట్ అమ్మింది. జిప్ టైలు అక్కర్లేకుండా వాటర్ కూలర్‌ని కార్డుకి బిగించే రేకు అది. దాని మీద 92 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్ ఒకటి ఉంటుంది, అది చిప్పు మీద కాకుండా పక్కకి ఊదుతుంది.

నేను ఆ ఫోటో చూశాను. కార్డు విప్పకముందే చూశాను. ఆ ఫ్యాన్ షోకి పెట్టారనుకున్నాను.

ఆ ఫ్యాన్ ఎందుకో చెప్తాను. కార్డుకి వచ్చే కరెంటు 12 వోల్టులు. చిప్పుకి కావాల్సింది సుమారు ఒక వోల్టు. మధ్యలో తగ్గించే చిన్న చిన్న భాగాలు కార్డు మీదే వరసగా ఉంటాయి, వాటిని వీఆర్‌ఎం అంటారు. చిప్పు 200 వాట్లు తాగుతుందనుకోండి, ఒక వోల్టు దగ్గర అది 200 ఆంపియర్లు. మీ ఇంటి మెయిన్ ఫ్యూజు కూడా అంత మొయ్యదు. ఆ పని చేసేటప్పుడు పదో వంతు వేడిగా పోయినా 20 వాట్లు, అదీ కందిగింజంత భాగాల మీద. కంపెనీ హీట్‌సింక్ ఉన్నప్పుడు దాని కింది పలక వాటికీ ఆనేది, దాని ఫ్యాన్ గాలి వాటికీ తగిలేది. నేను అదంతా పీకేసి, ఒక్క చిప్పుకి నీళ్లు పెట్టి, ఈ వరసని రేకుల గదిలో 42 డిగ్రీల గాలికి వదిలేశాను. పైగా చిప్పు చల్లబడిందని స్పీడు తగ్గించుకోకుండా పూర్తి వేగంతో నడిచింది, వీటి మీద భారం ఇంకా పెరిగింది. స్క్రీన్ మీద నేను చూసుకున్న నంబర్ చిప్పుది. వీటి వేడి చూపించే నంబర్ ఆ స్క్రీన్ మీద లేదు. లేని నంబర్ గురించి నాకు ఆలోచన రాలేదు.

అన్నయ్య ప్రశ్నకి జవాబు అదీ.

వాటర్ బ్లాకులు చేసేవాళ్లు ఈ సంగతి అప్పటికే తెలుసుకున్నారు. స్లొవేనియా అనే చిన్న దేశంలో ఎడ్వర్డ్ కోనిగ్ అనే ఆయన తన పేరులోని అక్షరాలతోనే ఈకే అనే కంపెనీ పెట్టి వాటర్ బ్లాకులు చేశాడు. అలాంటి కంపెనీలు కార్డు పొడవునా పరుచుకునే బ్లాకులు తెచ్చాయి. చిప్పుకి పేస్టు, మెమరీకి ఒక మందం ప్యాడ్, వీఆర్‌ఎంకి ఇంకో మందం ప్యాడ్, అన్నిటి మీద ఒకే రాగి పలక, లోపల నీళ్లు. ఐబీఎం వాళ్ల పిస్టన్‌లు చేసిన పనే ఇక్కడ ప్యాడ్‌లు చేస్తున్నాయి. 2014 ఏప్రిల్‌లో ఏఎండీ ఆర్9 295ఎక్స్2 వచ్చింది, 500 వాట్ల కార్డు, ఫ్యాక్టరీ నుంచే నీళ్ల పైపులతో. చిప్పులు రెండిటికీ నీళ్లు, మధ్యలో వీఆర్‌ఎం కోసం విడిగా ఫ్యాన్. జిప్ టై విద్య ఫ్యాక్టరీకి చేరింది, మర్చిపోయిన ముక్కని గుర్తుపెట్టుకుని మరీ చేరింది.

అక్కడితో అయిపోయిందా అంటే లేదు. 2020లో ఆర్‌టీఎక్స్ 3090 వచ్చింది. అందులో 24 మెమరీ చిప్పులు, 12 ముందు, 12 వెనక. కూలర్ అంతా ముందువైపే. వెనకున్నవి ఉడికిపోయేవి. జనం మళ్లీ పాత పనే చేశారు. వెనక రేకు మీద హీట్‌సింక్‌లు పెట్టారు, ఫ్యాన్‌లు కట్టారు, ప్యాడ్‌లు మార్చారు. తర్వాత రెండువైపులా నీళ్లు పారే బ్లాకులు అమ్మకానికి వచ్చాయి. 2022లో 3090 టీఐ వచ్చేసరికి మెమరీ మొత్తం ముందుకే తెచ్చేశారు.

ఇప్పుడు మీలో కొందరు ఇంట్లో ఏఐ మోడల్స్ నడపాలని పాత సర్వర్ కార్డులు చూస్తుంటారు. ఎన్విడియా టెస్లా పీ40 లాంటివి, 24 జీబీ మెమరీ, 250 వాట్లు, చూస్తే ఫ్యాన్ ఉండదు. ఫ్యాన్ అక్కర్లేదని కాదండీ. సర్వర్ పెట్టెలో ఉండే పెద్ద ఫ్యాన్‌లు ముందునుంచి గాలి తోస్తాయని నమ్మి దాన్ని చేశారు. ఇంటి క్యాబినెట్‌లో ఆ గాలి ఉండదు. కొంటే మాత్రం చివర్లో బ్లోయర్, దానికి సరిపడే గొట్టం త్రీడీ ప్రింట్ చేయించుకుని బిగించండి. కేవలం చిప్పు నంబర్ చూసి సంబరపడకండి. దాని చుట్టూ ఏముందో, దానికి గాలి ఎక్కడినుంచి వస్తుందో కూడా చూడండి.

చివరిగా ఒక మాట. వేడి చోటు మారుతుందన్నాను కదా. చిప్పు నుంచి రెక్కలకి, పెట్టె లోపలికి, పెట్టె బయటికి, నీళ్లలోకి, గదిలోకి. 63.5 వాట్ల కంప్యూటర్ నుంచి మొదలుపెట్టాం, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 కార్డు ఒక్కటే 575 వాట్లు. గదిలోంచి తర్వాత ఎక్కడికి? 2018లో గూగుల్ తన మూడో తరం టీపీయూలకి లిక్విడ్ కూలింగ్ పెట్టింది. 2024లో ఎన్విడియా ప్రకటించిన ఒక్క బీరువాలో 72 జీపీయూలు, అన్నిటికీ నీళ్ల పైపులు. ఆ నీళ్ల వేడిని భవనం బయట ఎక్కడో వదలాలి. చాలా డేటా సెంటర్లలో నీటిని ఆవిరి చేసి వదులుతారు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఏఐ హబ్ పెడతామని, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెట్టుబడి పెడతామని ప్రకటించింది. సంతోషమే. ఉద్యోగాల గురించి అడుగుతాం, అడగాలి. దాంతోపాటు ఆ వేడి ఎక్కడికి పోతుంది, నీళ్లు ఎక్కడివి అని కూడా అడగాలి. లోపల చిప్పులు చల్లగా ఉన్నాయని చూపించే నంబర్ వాళ్ల దగ్గర తప్పకుండా ఉంటుంది. పక్కన వేడెక్కే వాటి నంబర్ కూడా స్క్రీన్ మీద ఉండాలి కదా.

మా అన్నయ్య ఇప్పుడు పెద్ద స్టూడియో నడుపుతున్నాడు. కాలిన ఆ కార్డు ఇంకా ఆయన అల్మారాలోనే ఉంది. మొన్న కొత్త కార్డు కొన్నాక నన్నే పిలిచాడు, వాటర్ బ్లాకు బిగిద్దామని. ప్యాడ్‌లు ఎక్కడ ఏ మందం పెట్టాలో మొత్తం నేనే చెప్పాను. అన్నీ విన్నాడు, ఒక్కోటి రెండుసార్లు అడిగి మరీ పెట్టాడు. స్క్రూడ్రైవర్ మాత్రం నా చేతికి ఇవ్వలేదు.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.